ఆదివారం పొద్దున ఫుటీ మ్యాచా, ఆరాధనా? పదేళ్ల బాబుకి ఏం చెప్పాలి?

పాయింట్‌కుక్_అమ్మ

అందరికీ వందనాలు. మాది నరసరావుపేట. పదకొండేళ్లుగా మెల్‌బోర్న్‌లో, పాయింట్ కుక్‌లో ఉంటున్నాం. నేను వృద్ధాశ్రమంలో నర్సుని. బాబుకి పదేళ్లు, పాపకి ఆరు.

ఈ ఏడాది బాబు ఫుటీ (ఇక్కడి ఆస్ట్రేలియా తరహా ఫుట్‌బాల్) జట్టులో చేరాడు. సీజన్ మొత్తం మ్యాచ్‌లు ఆదివారం పొద్దున్నే. మా తెలుగు చర్చిలో ఆరాధన పదింటికి. కుదరదు నాన్నా అంటే వాడు ఏడవలేదు. "నీకు ఆదివారం డ్యూటీ పడితే నువ్వు వెళ్తావు కదమ్మా" అన్నాడు. నిజమే, నెలకి రెండు ఆదివారాలు నాకు డ్యూటీ పడుతుంది. ఏం చెప్పాలో తెలియలేదు.

దీనికంటే నన్ను కదిలించింది ఇంకొకటి ఉంది. పోయిన వారం బడిలో ఏదో కార్యక్రమం ఉంటే వెళ్లాను. పిల్లలంతా బెంచీల మీద కూర్చుని లంచ్ డబ్బాలు తెరిచారు. మావాడు డబ్బా ఒళ్లో పెట్టుకుని, షూ లేసు కట్టుకుంటున్నట్టు కిందికి వంగాడు. లేసు ఊడలేదు. రెండు చేతులూ బూటు మీదే ఉన్నాయి, పెదాలు మాత్రం కదులుతున్నాయి. తర్వాత లేచి చపాతీ చుట్ట తిన్నాడు. ఇంటికొచ్చాక అడిగితే, "కళ్లు మూసుకుంటే ఒంట్లో బాలేదా అని అడుగుతారమ్మా" అన్నాడు.

ఇక్కడ మనల్ని ఎవరూ ఏమీ అనరు. 2021 ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో క్రైస్తవులమని రాసుకున్నవాళ్లు 43.9 శాతం, ఏ మతమూ లేదన్నవాళ్లు 38.9 శాతం. మా ఊళ్లో పక్కింట్లో పూజ, ఎదురింట్లో నమాజు, మా ఇంట్లో ప్రార్థన. దేవుణ్ణి తలుచుకోవడం ఎవరికీ వింత కాదు. ఇక్కడ అది నలుగురిలో బయటపెట్టకూడని సంగతిలా అయిపోయింది. పిల్లలకి అదెలా నేర్పాలో నాకు మా అమ్మ చెప్పలేదు, ఆమెకి ఆ అవసరం రాలేదు.

మీ ఇళ్లలో మీరు ఏం చేశారో చెప్పండి.

జీలాంగ్_బ్రదర్

వందనాలు సిస్టర్. మా పెద్దవాడి విషయంలో ఇదే టెన్షన్ పడ్డాం. సీజన్ మొదలవకముందే కోచ్‌ని కలిసి, నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభురాత్రి భోజన సంస్కారం ఉంటుంది, ఆ రోజు వాడు రాడని చెప్పాను. ముందే చెప్పారు, అంతే చాలు అన్నాడు. మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం దగ్గర్లో ఇంగ్లిష్ ఆరాధనకి వెళ్లేవాళ్లం.

బడి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మన విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో 2016 నుంచి మత బోధన క్లాసు టైములో లేదు. బడికి ముందో తర్వాతో, లంచ్‌లోనో పెట్టుకోవాలి, అదీ తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే. నేర్పితే ఇంట్లో మనమే నేర్పాలి.

విశ్వాసి_హైదరాబాద్

అక్కా, బాధపడకుండా వినండి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం వచ్చాయని స్కాట్లాండ్ క్రైస్తవ పరుగుల వీరుడు ఎరిక్ లిడెల్ ఆ పరుగే వదులుకున్నాడు. తర్వాత 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. ఈ రోజు మ్యాచ్ కోసం సర్దుకుంటే, రేపు ట్యూషన్ కోసం, ఎల్లుండి ఇంకో పని కోసం సర్దుకుంటాం. పిల్లలకి మొదట్లోనే గీత గీయాలి.

గుంటూరు_పెద్దమ్మ

బాబూ, లిడెల్‌కి అప్పటికి 22 ఏళ్లు. అది ఆయన తనకి తానుగా తీసుకున్న నిర్ణయం. పదేళ్ల పిల్లాడి మీద మనం పెట్టేది వేరు.

అమ్మాయ్, మా నాన్న గుంతకల్లు లైన్లో రైలు గార్డు. సగం ఆదివారాలు బండి మీదే ఉండేవాడు. ఇంటికి ఏ వేళకి వచ్చినా సరే, కాళ్లు కడుక్కుని మమ్మల్ని కూర్చోబెట్టేవాడు. కరెంటు పోతే లాంతరు. ఒక్కొక్కరం ఒక బైబిలు వాక్యం చెప్పాలి, మర్చిపోతే మా అమ్మ మెల్లగా అందించేది. ఆ వాక్యాలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఆయన ఎన్ని ఆరాధనలకి రాలేదో మేమెవరం లెక్కపెట్టలేదు.

నీ డ్యూటీ సంగతి వాడి దగ్గర దాచకు, ఉన్నదున్నట్టు చెప్పు. ఆ షూ లేసు జోలికి మాత్రం వెళ్లకు. గది తలుపు వేసుకుని ప్రార్థించమని మత్తయి 6వ అధ్యాయంలో ఉంది కదా. వాడికి దొరికిన గది అదే అనుకో.

పాయింట్‌కుక్_అమ్మ

పెద్దమ్మా, మీది చదివి చాలాసేపు ఏడ్చాను.

రాత్రి వాడితో కూర్చున్నాను. ఆదివారం డ్యూటీ నాకూ కష్టంగానే ఉంటుందని, ఒక బామ్మగారికి స్నానం చేయిస్తూ లోలోపల పాడుకుంటానని చెప్పాను. ఆవిడకి వినిపిస్తుందా అని అడిగాడు. ఒక్కోసారి పైకే పాడతాను, అప్పుడు చేతులు బిగపట్టకుండా వదులుతుంది అన్నాను.

హైదరాబాద్ తమ్ముడి భయం నాకూ ఉంది, లేదనను. అందుకే మావారూ నేనూ మాట్లాడుకుని, నెలకి రెండు ఆదివారాలు ఆరాధనకే అని గట్టిగా అనుకున్నాం. కోచ్‌కి ఈ గురువారం ప్రాక్టీసులో చెబుతాం. మ్యాచ్ ఉన్న ఆదివారాల్లో రాత్రి ప్రార్థన వాడే నడిపించాలి.

అంతవరకు ఆగలేదు, నిన్నే మొదలుపెట్టాడు. పాప గురించి, అమ్మమ్మ మోకాళ్ల గురించి, ఆ బామ్మగారి గురించి ప్రార్థించాడు. చివర్లో కోచ్ పేరు కూడా చెప్పాడు.