బంధుత్వ పాఠాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న (అతిథి అధ్యాపకురాలు)

ఎం.ఏ. మానవశాస్త్రం మొదటి సంవత్సరం విద్యార్థులకు నేను ఈ ఏడాది బంధుత్వ వ్యవస్థలు బోధిస్తున్నాను. వారిలో ఎక్కువమంది డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు. 'క్రాస్ కజిన్' (మేనమామ, మేనత్తల పిల్లలు), 'పారలల్ కజిన్' (తల్లి అక్కచెల్లెళ్ళ, తండ్రి అన్నదమ్ముల పిల్లలు) నిర్వచనాలను పరీక్షలో తప్పు లేకుండా రాస్తున్నారు కాని, గత నెల ఒక గ్రామానికి తీసుకువెళ్ళి ఒక కుటుంబపు వంశవృక్షాన్ని గీయమంటే, మూడో తరం దగ్గరకు వచ్చేసరికి ఎవరు ఎవరి సంతానమో తేల్చుకోలేక ఆగిపోయారు. ఈ పాఠాన్ని ఏ క్రమంలో చెప్పాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

సమాధానం (విశ్రాంత ఆచార్యుడు)

అమ్మా, మేనమామ పిల్లలనూ పిన్ని పిల్లలనూ ఇంగ్లీషు ఒకే మాటతో పిలుస్తుంది కనుక, వారిని విడదీయడానికి అక్కడి పండితులకు ఆ పారిభాషిక పదాలు అవసరమయ్యాయి. మేనత్త కొడుకు బావ అనీ, పిన్ని కొడుకు అన్నో తమ్ముడో అవుతాడనీ మన పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచే తెలుసు. పిన్ని భర్తను, తండ్రి తమ్ముడిని పిలిచినట్లే, బాబాయి అనడంలోనూ, మేనత్త భర్తను మామయ్య అనడంలోనూ ద్రావిడ బంధుత్వ సూత్రం, అంటే పారలల్ కజిన్లు తోబుట్టువులతో సమానం, క్రాస్ కజిన్లు పెళ్ళికి తగిన వరసవారు అన్నది, దాదాపు మొత్తం ఇమిడి ఉంది. మొదట ఎవరింటి వంశవృక్షాన్ని వారి చేతనే గీయించి, నిర్వచనాలు తరువాత చెప్పండి.

ఇక గ్రామంలో వారు 'మీ తాత ఎవరు' అని అడిగి ఉంటారని నా అనుమానం. తాత అంటే తల్లి తండ్రి కావచ్చు, తండ్రి తండ్రి కావచ్చు, వారి అన్నదమ్ములూ కావచ్చు. 1898లో ఆస్ట్రేలియా, న్యూగినియాల మధ్యనున్న టోరెస్ జలసంధికి జరిగిన పరిశోధన యాత్రలో వంశావళి పద్ధతిని రూపొందించిన బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు రివర్స్, తల్లి, తండ్రి, బిడ్డ, భర్త, భార్య వంటి కొద్ది మాటలతోనే వ్యక్తుల పేర్లు రాబట్టి, వారిని ఏమని పిలుస్తారన్నది ఆ తరువాతే అడిగేవాడు.

సమాధానం (పరిశోధక విద్యార్థి, ఆదిలాబాద్)

ఆచార్యులవారి మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. సొంత ఇంటి నియమమే లోకమంతటా ఉంటుందని విద్యార్థి అనుకోకూడదు. ముస్లిం కుటుంబాలలో చిన్నాన్న కూతురిని పెళ్ళాడవచ్చు. 1940లలో ఆదిలాబాద్ ప్రాంతపు మార్లవాయి గ్రామంలో నివసించిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ వర్ణించిన రాజ్‌గోండులలో నాలుగు, అయిదు, ఆరు, ఏడుగురు అన్నదమ్ముల పేరిట, కొన్నేసి వంశాలు కలిసిన కూటములున్నాయి; ఒకే కూటమివారు ఎంత దూరపువారైనా పెళ్ళి కుదరదు. నా మొదటి పర్యటనలో, అన్నదమ్ములమని చెప్పుకున్న ఇద్దరిని ఒక తల్లి బిడ్డలుగా రాసుకుని, వారిది ఒకే కూటమి మాత్రమేనని తెలిశాక రెండు రోజుల పట్టికలను మళ్ళీ రాశాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మావాళ్ళు నిజంగానే 'మీ తాత ఎవరు' అని అడిగారు. ఒక్క సందేహం మిగిలింది: కొందరు పెద్ద వయసు స్త్రీలు భర్త పేరు చెప్పడానికి ఇష్టపడలేదు. అప్పుడు ఏం చేయాలి?

విశ్రాంత ఆచార్యుడు

బలవంతం చేయవద్దు. పక్కనున్న మనవడినో తోడికోడలినో అడిగితే చెబుతారు. ఆమె పేరు చెప్పలేదన్న సంగతిని మాత్రం క్షేత్ర దినచర్యలో తప్పక రాయించండి. అదీ బంధుత్వ పాఠంలో భాగమే.