ఇంట్లో తోడు ఎవరూ లేనప్పుడు కీమోకు ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి

అందరికీ నమస్కారం. నా వయసు 44. కూకట్‌పల్లిలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను, జీతం 19,000 రూపాయలు. కిందటి నెలలో కుడి రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. గాయం మానింది కాబట్టి ఇక కీమో మొదలుపెట్టాలని, మూడు వారాలకొకటి చొప్పున నాలుగు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున పన్నెండు తీసుకోవాలని డాక్టరు గారు రాశారు. మొదటిది వచ్చే బుధవారం.

నేను కులాంతర వివాహం చేసుకున్నందుకు పుట్టింటివారు పదిహేనేళ్ల క్రితమే మాటలు మానేశారు. ఆ పెళ్లీ నిలవలేదు. ఆపరేషన్ సమయంలో ఆఫీసులో నాతో పనిచేసే ఒకామె రెండు రాత్రులు ఆసుపత్రిలో పడుకున్నారు. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. పదహారు సార్లు రమ్మని అడగడానికి నాకు నోరు రాదు.

కీమో రోజున అటెండర్ తప్పనిసరిగా ఉండాలని డే కేర్‌లో చెప్పారు. కాగితాల మీద బంధువులే సంతకం చేయాలా? తర్వాతి రోజుల్లో వంట ఎలా? ఉద్యోగం మానకుండా నెట్టుకురాగలనా? అన్నింటికన్నా నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇంకొకటి ఉంది: రాత్రిపూట బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోతే తలుపు తీసేవారెవరు?

సమాధానం: ఇదే కోర్సు పూర్తి చేసుకున్న ఒకామె

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నన్నూ మొదటి వారమంతా నిద్రపోనివ్వనిది అదే. తలుపుకు లోపలి గడియ వేయకండి. బయటి నుంచి కూడా తాళంచెవితో తెరుచుకునే తాళం మాత్రమే వేసుకుని, రెండో చెవి ఇంటి ఓనరు గారి భార్యకో, పక్క పోర్షన్ వారికో ఇవ్వండి. బాత్రూం తలుపు దగ్గరగా వేసుకుంటే చాలు. మంచం మీద నుంచి లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చుని ఆ తర్వాతే నిలబడండి. నేను రోజూ ఉదయం ఎనిమిదింటికి ఒక స్నేహితురాలికి మిస్డ్ కాల్ ఇచ్చేదాన్ని. ఎనిమిదిన్నరకు కూడా రాకపోతే ఆమె ఫోన్ చేయాలి, ఎత్తకపోతే ఓనరు గారికి చెప్పాలి, అదీ మా ఒప్పందం. ఆరు నెలల్లో ఒక్కసారే ఆమె ఓనరు గారిదాకా వెళ్లవలసి వచ్చింది. తీరా చూస్తే నేను హాయిగా నిద్రపోతున్నాను.

ఇక మనుషుల సంగతి. పదహారు సార్లు ఒకరినే రమ్మనడం కష్టమే కానీ, తలా ఒక చిన్న పని అడగడం కష్టం కాదు. క్యాలెండరు తీసుకుని కీమో రోజును ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. మనిషి నిజంగా అవసరమయ్యేది ఆ రోజు, దాని తర్వాత మూడు నాలుగు రోజులు. నా విషయంలో రెండో వారం ఒంటరిగా గడపగలిగేదాన్ని, మూడో వారం ఆఫీసుకు కూడా వెళ్లాను. వారం వారం తీసుకునే మందు వాంతుల పరంగా నాకు తేలికగా అనిపించింది కానీ, పోను పోను అరికాళ్లు మొద్దుబారి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తిప్పలు పడ్డాను. అలాంటిది మొదలైతే వెంటనే డాక్టరు గారికి చెప్పండి.

మొదటి కీమోకు మాత్రం ఎలాగైనా ఒకరిని రోజంతా ఉండమనండి, శరీరం ఆ మందును ఎలా తీసుకుంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు కనుక. అటెండర్‌ను అడిగేది చాలావరకు ఫార్మసీ నుంచి మందులు తేవడానికి, బిల్లు కౌంటరు దగ్గర నిలబడడానికి, మగతగా ఉన్న మనిషిని క్షేమంగా ఇంటికి చేర్చడానికి. తర్వాతి వాటికి నన్ను ఉదయం ఒకరు దింపేవారు, సాయంత్రం మరొకరు తీసుకెళ్లేవారు. ఈ ఏర్పాటు గురించి నేను ముందే మెడికల్ సోషల్ వర్కరును కలిసి చెప్పి, ఫైలు మీద రాయించుకున్నాను. మీ ఆసుపత్రిలోనూ అడగండి. ఆ ఒక్క వాక్యం వల్ల ప్రతిసారీ కొత్త సిస్టరుకు నా కథంతా చెప్పుకునే బాధ తప్పింది.

వంటకు పెద్ద ఆలోచన వద్దు. కీమోకు ముందురోజే రెండు మూడు రోజులకు సరిపడా ఇడ్లీ పిండి, రాగి పిండి, పెసరపప్పు, బియ్యం రవ్వ చేతికందే ఎత్తులో పెట్టుకోండి. నాకు పోపు వాసన అసలు పడేది కాదు. జావలో పలచని మజ్జిగ, ఉప్పు కలిపి గంటకొక గ్లాసు తాగేదాన్ని. మీకు బాగా ఇష్టమైన కూర మాత్రం ఆ మూడు రోజులూ తినకండి, ఎందుకంటే వాంతితో ముడిపడిన రుచి తర్వాత చాలా కాలం సహించదు. నేను గుత్తివంకాయను అలాగే పోగొట్టుకున్నాను.

సమాధానం: ఒక పెద్దాయన

అమ్మా, ఎన్ని ఏర్పాట్లు చేసుకున్నా రక్తసంబంధం రక్తసంబంధమే. ఇలాంటి సమయంలోనైనా మీ అన్నదమ్ములకు కబురు చేస్తే మనసు కరగకపోదు. ఒకసారి ఆలోచించండి.

సమాధానం: క్యాన్సర్ డే కేర్‌లో పనిచేసి రిటైరైన నర్సు

పెద్దాయన గారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ కబురు చేయాలో వద్దో ఆ అమ్మాయి ఇష్టం, పైగా బుధవారానికి ముందు తేల్చుకోవలసిన విషయం అది కాదు. కీమో బల్ల మీద ఉన్న మనిషికి బంధువు వచ్చి పాత లెక్కలు తీయడం నేను కళ్లారా చూశాను.

సంతకం విషయంలో భయపడకమ్మా. మేజరై, స్పృహలో ఉన్న మనిషి చికిత్సకు తన సమ్మతి తానే ఇవ్వవచ్చు. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలన్న గడిలో స్నేహితురాలి పేరు, నంబరు రాయి.

మొదటి నాలుగింటిలో సాధారణంగా డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి మందు ఉంటుంది. సిస్టరు పక్కనే కూర్చుని, పెద్ద సిరంజితో నెమ్మదిగా, నరం వైపు చూస్తూ ఎక్కిస్తుంది. ఆ సమయంలో సూది దగ్గర మంటగా ఉన్నా, వాచినట్టున్నా మొహమాటపడకుండా వెంటనే చెప్పాలి, ఎందుకంటే అది నరం దాటి బయటికి వస్తే చర్మం, కండ దెబ్బతింటాయి. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది రక్తమని హడలిపోవద్దు. నీకు కుడివైపు ఆపరేషన్ అయింది కాబట్టి సూదులు, బీపీ పట్టీ ఎడమ చేతికే అని ప్రతిసారీ నువ్వే గుర్తుచేయాలి. పదహారు సార్లు ఒకే చేతి నరాలు తట్టుకోవడం కష్టం, కాబట్టి పోర్ట్, అంటే మందు నేరుగా పెద్ద నరంలోకి వెళ్లేలా చర్మం కింద అమర్చే చిన్న పరికరం, పెట్టించుకోవడం గురించి ముందే అడుగు. గుండె ఎకో, హెపటైటిస్ బి పరీక్ష అయ్యాయో లేదో కూడా ఫైల్లో చూసుకో.

ఇప్పుడు చెప్పేది గోడకు రాసి అంటించుకో. కీమో అయిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు సాధారణంగా తెల్ల రక్తకణాలు బాగా తగ్గి ఉంటాయి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ చూపిస్తే అది అర్ధరాత్రి అయినా సరే, పారాసిటమాల్ వేసుకుని పడుకోకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. ఆటో దొరకకపోతే 108కి చేయి. క్యాజువాలిటీలో మొట్టమొదట చెప్పవలసిన మాట ‘నేను కీమోలో ఉన్నాను’ అని. డిజిటల్ థర్మామీటరు కొని తలగడ దగ్గరే ఉంచుకో.

తెల్ల రక్తకణాల కౌంట్ పెంచే ఇంజెక్షన్ రాస్తే అది సాధారణంగా కీమో అయిన మరుసటి రోజు పడుతుంది. దానికోసం మళ్లీ అంత దూరం రాలేకపోతే, ఇంటి దగ్గరి నర్సింగ్ హోంలో చేయించుకోవచ్చా అని అడిగి చీటీ రాయించుకో. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే పక్కింటివారి ఫ్రిజ్‌లో పెట్టించు, కానీ డీప్ ఫ్రీజర్‌లో కాదు. వాంతుల మాత్ర మలబద్ధకం తెస్తుంది, అది ముందే చెబితే మందు రాస్తారు. జుట్టు రెండు మూడు వారాల్లో రాలుతుంది. ముందే పొట్టిగా కత్తిరించుకుంటే ఊడ్చుకునే పని తగ్గుతుంది.

సమాధానం: ఆఫీసు వ్యవహారాలు తెలిసిన ఒకరు

మేడమ్, మీ జీతం 21,000 లోపే ఉంది కాబట్టి జీతం స్లిప్పులో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కోత పడుతోందేమో చూడండి. పడుతుంటే, చందాల షరతు ప్రకారం ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్‌గా, అంటే జబ్బు సెలవు భత్యంగా వస్తుంది. క్యాన్సరు దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కనుక, రెండేళ్లు వరుసగా బీమా ఉద్యోగంలో ఉన్నవారికి మిగతా షరతులకు లోబడి 80 శాతం చొప్పున మొత్తం రెండేళ్ల వరకు పొడిగించే వీలుంది. అయితే సెలవు సర్టిఫికెట్లు ఈఎస్ఐ డాక్టరు ద్వారానే రావాలి. ఈ వారమే డిస్పెన్సరీకి వెళ్లండి, కీమో మొదలయ్యాక ఆ వరుసలో నిలబడలేరు. రాత్రిళ్లు మనసు బాగా కుంగిపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

మళ్లీ కూకట్‌పల్లి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఈఎస్ఐ కోత మూడేళ్లుగా పడుతోందని నిన్ననే చూసుకున్నాను. ఇన్నాళ్లూ ఇతరుల జీతాల లెక్కలు వేస్తూ నా స్లిప్పును నేనే సరిగా చదవలేదు. నా సహోద్యోగిని పదహారు రోజులు కాకుండా బుధవారం ఒక్కరోజే అడిగితే, ఆమె సెలవు పెట్టి వస్తానన్నారు. తాళంచెవి ఇవ్వడానికి కిందికి వెళ్లినప్పుడు ఓనరు గారి భార్య ఇంజెక్షన్ కోసం తమ ఫ్రిజ్ తలుపులో ఒక గడి ఖాళీ చేసి చూపించారు. ఉదయం మిస్డ్ కాల్ కూడా తనకే ఇమ్మన్నారు. పెద్దాయన గారూ, మా అన్నయ్య నంబరు నా దగ్గర ఉంది. ప్రస్తుతానికి దాన్ని అలాగే ఉండనిస్తాను.

నర్సమ్మ గారూ, ఒక్క సందేహం. ఎకో రిపోర్టు ఫైల్లో ఉంది కానీ హెపటైటిస్ బి రిపోర్టు కనిపించలేదు. సోమవారం వెళ్లి అడిగితే బుధవారంలోగా వస్తుందా?