సమస్య: "పుడమి పగిలి పోయె బుడగ వోలె"

నిర్వాహకుడు: మిత్రులారా, ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం. పూరణ చాప్లిన్ సినిమా 'ది గ్రేట్ డిక్టేటర్' (1940) మీద ఉండాలి. అందులో ఆయనవి రెండు వేషాలు: హిట్లర్‌ను వెక్కిరించే నియంత హింకెల్, అచ్చం అతనిలాగే ఉండే యూదు మంగలి. కథ చెప్పి వదిలేయొద్దు, సినిమా మీద మీ తీర్పు పద్యంలోనే తేలాలి.

తెనాలి నుంచి:

చేత బట్టి విసరి చిందేసె హింకెలు
కాలి మడమ దన్ని గాలి కెగయ;
ఏలుకొందు ననుచు నెద కదిమిన వేళ
పుడమి పగిలి పోయె బుడగ వోలె

నిర్వాహకుడు: మాస్టారూ, గణాలు, యతులు శుభ్రంగా కుదిరాయి. 'చిందేసె' వాడుక మాట. 'చిందాడె' అన్నా గణం చెడదు. 'ఎద కదిమిన వేళ' దగ్గర పద్యం లేచి నిలబడింది. ఆ ఘట్టంలో హింకెల్ బుడగలాంటి గ్లోబును నెత్తితో పొడుస్తాడు, బల్లెక్కి పిరుదులతో ఎగరేస్తాడు. ఒక్క మాట ఉండదు, జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతం తప్ప. చివరికి బుడగ పేలితే బల్ల మీద వాలి ఏడుస్తాడు. నియంత మీద ఇంతకంటే గట్టి దెబ్బ ఆ సినిమాలో మరొకటి లేదని నా అభిప్రాయం.

హనుమకొండ నుంచి: నా ఓటు చివరి ప్రసంగానికి, అదే, హింకెల్ అనుకుని వేదికెక్కించిన మంగలి మాట్లాడేదానికి.

మీస మొకటె గాని మెత్తని దొక గుండె;
రాతి గుండె వాని రాత్రి కలల
మంగలొకడు వచ్చి మైకందుకొనగానె
పుడమి పగిలి పోయె బుడగ వోలె

నిర్వాహకుడు: అమ్మా, 'రాత్రి కలల పుడమి' చాలా బాగుంది. మూడో పాదంతోనే పేచీ. వ్యాకరణం ప్రకారం 'మంగలి యొకడు' అనాలి. పైగా అతను వచ్చి మైకు అందుకోడు. ముడుచుకుని కూర్చుంటాడు, మాట్లాడక తప్పదని పక్కనున్న మిత్రుడు షుల్ట్జ్ అంటే లేస్తాడు. ఆ లేవడంలోనే ఉంది అంతా. ఇలా చూడండి: 'క్షురకు డొకడు లేచి గొంతెత్తినంతనే'.

డల్లాస్ నుంచి: ప్రసంగం నాకు అతకలేదండీ. రెండు గంటలు వేషంతో ఒప్పించినవాడు చివర్లో ఉపన్యాసానికి దిగాడు.

హనుమకొండ నుంచి: అన్నయ్యా, చెవులతో మళ్ళీ చూడండి. గ్లోబు ఆటకు వాడిన వాగ్నర్ ఒపెరా 'లోహెన్‌గ్రిన్' సంగీతమే ప్రసంగం ముగింపులోనూ వినిపిస్తుంది. హింకెల్ కలకు పెట్టిన సంగీతాన్నే మంగలి ఆశకూ పెట్టాడు చాప్లిన్. అందుకే బుడగ అక్కడ పేలిందన్నాను. నిర్వాహకుల సవరణ తీసుకుంటున్నాను.

డల్లాస్ నుంచి: ఆ సంగతి గమనించలేదు, ఒప్పుకుంటున్నా. మొన్న రాత్రి పిల్లలతో మళ్ళీ చూశాను. హింకెల్ తుఫాను దళం వాళ్ళు ఘెట్టోలో, అంటే యూదుల వాడలో, అద్దాల మీద రంగు పూస్తుంటే పిల్లలు నవ్వారు, నేను నవ్వలేకపోయాను.

నవ్వినాము చూచి నాజీల వేషాలు;
విషపు గదుల వార్త విన్న పిదప
కనుల నీరు నిండె, కట్టిన నవ్వుల
పుడమి పగిలి పోయె బుడగ వోలె

నిర్వాహకుడు: ఈ వారానికి ఇదే నా ఎంపిక. 1939 సెప్టెంబరులో, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లోనే షూటింగు మొదలైంది. నాజీల నిర్బంధ శిబిరాల ఘోరం ముందే తెలిసుంటే ఆ సినిమా తీయగలిగేవాణ్ణి కాదని చాప్లినే 1964 నాటి ఆత్మకథలో రాసుకున్నాడు. ఒక్క సందేహం: 'కట్టిన' అంటే ఎవరు కట్టిన? 'కమ్మని నవ్వుల' అంటే అన్వయం సులువు, గణమూ అదే.

డల్లాస్ నుంచి: 'కమ్మని' పెడితే బాధ పలచబడుతుందండీ. ఆ నవ్వుల లోకం చాప్లిన్ తన సొంత డబ్బుతో, సొంత స్టూడియోలో కట్టింది. 'కట్టిన' ఉంచేస్తాను.