ఇంజనీరింగ్ కళాశాల చూడటానికి వెళ్ళినప్పుడు ఎవరిని ఏం అడగాలి?

ప్రశ్న (చిత్తూరు నుంచి ఒక తండ్రి):

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగు కోసం కళాశాలలను ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు తిరుపతి, పుత్తూరు, చిత్తూరు చుట్టుపక్కల నాలుగు కళాశాలలను స్వయంగా చూసి రావాలనుకున్నాము. మొన్న ఒకచోట మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, వీడియో చూపించి, రెండు ల్యాబులు తిప్పి, సీటు ఈ రోజే ఖాయం చేసుకుంటే ఫీజులో తగ్గింపు ఉంటుందని చెప్పి పంపారు. ఇంటికి వచ్చి ఆలోచిస్తే మాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదనిపించింది. నేను ఇంటర్ వరకే చదివినవాణ్ణి. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

జవాబు (తిరుపతి, విశ్రాంత అధ్యాపకుడు):

అయ్యా, పెళ్ళిచూపుల నాడు ఇల్లు ఎలా సర్ది ఉంటుందో ఆ గంటసేపు కళాశాల కూడా అలాగే ఉంటుంది. అందువల్ల ముందుగా కబురు చేయకుండా, తరగతులు జరిగే పని దినాన, ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో వెళ్ళండి. ల్యాబులో కంప్యూటర్లు లెక్కపెట్టడం వల్ల ప్రయోజనం లేదు. గోడకు అంటించిన టైంటేబుల్ ప్రకారం ఆ గంటకు అక్కడ ఏ తరగతి ఉండాలో చదివి, ఆ పిల్లలు నిజంగా ఉన్నారో లేదో చూడండి. గ్రంథాలయంలో మీ అమ్మాయి కోరుకునే బ్రాంచి అల్మారా నుంచి నాలుగు పుస్తకాలు తీసి, అట్ట లోపల అంటించిన తేదీల చీటీలో చివరి ముద్ర ఏ సంవత్సరానిదో గమనించండి. బార్‌కోడు వచ్చాక కొన్నిచోట్ల ఆ చీటీ పోయింది. అలాంటప్పుడు పుటల అంచులు నలిగాయా లేదా అన్నదే సాక్ష్యం.

అన్నిటికన్నా నేను నమ్మేది ఒకటుంది: ఒకే ప్రశ్నను ముగ్గురిని విడివిడిగా అడగడం. అడ్మిషన్ల కార్యాలయంలో ఒకసారి, విభాగాధిపతి దగ్గర ఒకసారి, క్యాంటీన్‌లోనో బస్సు ఎక్కే చోటనో మూడో సంవత్సరం పిల్లల దగ్గర ఒకసారి అడగండి. "గత సెమిస్టరులో ఏదైనా సబ్జెక్టుకు మధ్యలో అధ్యాపకులు మారారా?" అన్నది మంచి ప్రశ్న. సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ లెక్క ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. కాగితం మీద అందరూ ఉన్నారనే చెబుతారు, పాఠం ఎవరు చెబుతున్నారో పిల్లలకే తెలుసు. మూడు జవాబులూ కలవకపోతే పిల్లల మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి. పిల్లలతో మాట్లాడనివ్వకుండా వెంట ఒక మనిషిని తిప్పుతూ ఉంటే, అది చాలా పెద్ద హెచ్చరిక.

ఉద్యోగాల విషయంలో ఫ్లెక్సీ మీద ఉన్న అత్యధిక ప్యాకేజీని పట్టించుకోవద్దు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్క చూపేవారున్నారు. నిరుడు ఈ బ్రాంచిలో చివరి సంవత్సరం ఎంతమంది చదివారు, అందులో ఎంతమందికి ఉద్యోగం దొరికింది, జీతాలను వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంత వస్తోంది అని అడగండి. కేంద్ర ప్రభుత్వం కళాశాలలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకు దరఖాస్తు చేసిన కళాశాల ఈ మధ్యస్థ జీతాన్ని అందులో తెలిపి ఉంటుంది కనుక ఆ వివరాల ప్రతిని చూపమనండి.

నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థలు రెండున్నాయి, న్యాక్, ఎన్‌బీఏ అని. న్యాక్ గ్రేడు మొత్తం కళాశాలకు ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి విడిగా ఇచ్చేది. "మాకు ఎన్‌బీఏ ఉంది" అంటే ఏ బ్రాంచికి, ఏ సంవత్సరం వరకు అని అడగాలి. కొత్తగా తెరిచిన బ్రాంచి నుంచి ఇంకా ఏ బ్యాచీ బయటకు రాకపోతే దానికి ఆ గుర్తింపు ఉండే వీలు లేదు.

జవాబు (రేణిగుంట, ఒక తల్లి):

అన్నా, హాస్టల్‌ను మధ్యాహ్నం చూపిస్తారు. మీరు రాత్రి భోజనం వేళకు కూడా వెళ్ళండి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు బోరు నుంచి వస్తాయా, ట్యాంకర్ల మీద ఆధారపడతారా అని మన జిల్లాల్లో అడగకుండా ఉండకూడదు. వార్డెన్ రాత్రిపూట అక్కడే ఉంటారా, జ్వరం వస్తే ఏ వాహనంలో ఎక్కడికి తీసుకువెళతారు అన్నవి కూడా అడగండి. ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరు గోడమీద ఎక్కడా కనబడకపోతే నేనైతే అనుమానిస్తాను.

ప్రశ్న అడిగిన తండ్రి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ తగ్గింపు కోసం అడ్వాన్సు కట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి రావచ్చా సార్?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు):

ఇవ్వవద్దు. ర్యాంకును బట్టి ప్రభుత్వం నింపే కన్వీనర్ కోటా సీటును కౌన్సెలింగులోనే కేటాయిస్తారు, కళాశాల దాన్ని ముందుగా ఖాయం చేయలేదు. కాబట్టి వారు అమ్మజూపుతున్నది కళాశాల తానే నింపుకునే యాజమాన్య కోటా సీటు. దానికి ప్రభుత్వం ఫీజు కట్టే రీయింబర్స్‌మెంటు రాదు. ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం ఒరిజినళ్ళను సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. అయినా మా తమ్ముడి కూతురు వేరే చోటికి మారదామంటే, ఒక కళాశాలవారు సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుని మమ్మల్ని రెండు నెలలు తిప్పారు. ఏదైనా కట్టక తప్పకపోతే, ఆ డబ్బు దేనికోసమో రాసి ఉన్న రసీదు తీసుకోండి. నిర్ణీత ఫీజుకు మించి వసూలు చేయడాన్ని మన రాష్ట్రంలో 1983 నుంచే చట్టం నిషేధించింది కనుక, రసీదు లేని డబ్బు అడిగినచోట ఇక కూర్చోవద్దు.

ప్రశ్న అడిగిన తండ్రి:

అర్థమైంది సార్. సోమవారం పుత్తూరు వైపు వెళుతున్నాము, ఈసారి ఫోన్ చేయకుండానే. అమ్మాయి ప్రశ్నలన్నీ నోటుబుక్కులో రాసుకుంది. క్యాంటీన్‌లో పిల్లలతో తానే మాట్లాడతానంటోంది.