కొల్లేటి లంకల్లో చేపల చెరువులు రాకముందు బతుకుతెరువు ఏంటండీ?

లంకల్లో వడ్డీలు (చేపలు పట్టే కులంవారు) పూర్వం ఏం చేసేవారు? చెరువులు ఎప్పుడొచ్చాయి?

— వేటే. నీరు పారేచోట వెదురు మావు (చేపలు పట్టే బుట్టలాంటి ఉచ్చు) నోరు ఎదురుగా పెట్టేవారు. లోపలి పుల్లలు గరాటాలా ముడుచుకుని ఉంటాయి, దూరిన చేప వెనక్కి రాలేదు. పుల్లల మధ్య సందు ఎక్కువైతే చిన్నచేప జారిపోతుంది. ఎండాకాలం నీరు తగ్గిన మేర వరి.

— చెరువుల జోరు 1976లో కొల్లేటి భూమి మత్స్యకారుల సొసైటీలకు ఇచ్చాక. 1999లో 5 అడుగుల కాంటూరు (సముద్రమట్టానికి అంత ఎత్తులో ఉండే హద్దు) దాకా, 308 చ.కి.మీ. అభయారణ్యం చేశారు. 2005-06లో అందులోని చెరువుల గట్లు కొట్టేశారు.

— గట్ల మాటే చెప్పుకుంటాం గానీ ఉప్పుటేరు సంగతో? నీరు సముద్రానికి పోయే దారి అదొక్కటే. గుర్రపుడెక్క అడ్డుపడితే లంకలు మునుగుతాయి. వేసవిలో మట్టం తగ్గితే పోటుకి ఉప్పునీరు ఎదురెక్కుతుంది.

— పూడిక కూడా కలపండి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే మట్టి తక్కువేం కాదు.