చిన్న కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్: మూడు జట్లూ 5-1, ఇంకా ఒక్క వారమే ఉంది. ప్లేఆఫ్ బెర్త్ ఎవరికి?

శనివారం_ఆట అడిగినది:

అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏలో చిన్న కాలేజీల స్థాయి అయిన డివిజన్ 3లో ఎనిమిది జట్ల కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల లీగ్) ఒకటి ఫాలో అవుతున్నాను. దాని చాంపియన్‌కి జాతీయ ప్లేఆఫ్స్‌లో నేరుగా ఒక బెర్త్ దక్కుతుంది. ప్రతి జట్టూ మిగతా ఏడింటితో ఒక్కోసారి ఆడుతుంది. చివరి వారం మిగిలి ఉండగా పట్టిక ఇలా ఉంది (గెలుపులు-ఓటములు; ముందు కాన్ఫరెన్స్ రికార్డు, తర్వాత మొత్తం రికార్డు):

బి: 5-1, 6-3
సి: 5-1, 7-2
ఎ: 5-1, 8-1
డి: 4-2, 6-3

ఎ జట్టు బిని ఓడించింది, బి సిని ఓడించింది, సి ఎని ఓడించింది. ఈ మూడింటి మధ్య ఇక ఆటలు లేవు. చివరి వారం సికి డితో ఆట, ఎ, బిలకు కింది జట్లతో.

1. 8-1 ఉన్న జట్టు మూడో వరసలో, 6-3 ఉన్న జట్టు పైన ఎందుకున్నాయి?
2. బెర్త్ ఎవరికి దక్కాలంటే ఏం జరగాలి? క్రికెట్‌లో నెట్ రన్ రేట్ లాంటిది ఏమైనా చూస్తారా?
3. ఒక ఆటలో బి జట్టు రన్నింగ్ 35 క్యారీలకు (బంతి పట్టుకుని పరుగెత్తిన సార్లు) 62 గజాలు అని బాక్స్ స్కోర్‌లో (ఆట గణాంకాల పట్టిక) ఉంది. కామెంటేటర్ మాత్రం ఆటంతా రన్ గేమ్ బాగుందనే అన్నాడు. ఏది నమ్మాలి?
4. ప్రత్యర్థి 28 గజాల గీత దగ్గర నాలుగో డౌన్ (10 గజాలు సాధించడానికి ఆఖరి ప్రయత్నం), ఇంకా 6 గజాలు కావాలి. ఫీల్డ్ గోల్ కొట్టకుండా పాస్ వేశారు. ఈ స్థాయిలో ఇది తరచూ కనిపిస్తోంది, ఎందుకు?

---

మూడో_డౌన్:

మొదటిదానికి జవాబు చిన్నదే. కాన్ఫరెన్స్ టైటిల్‌కి కాన్ఫరెన్స్ ఆటలే లెక్క. సెప్టెంబరులో బయటి జట్లతో ఆడిన మూడు ఆటలు మొత్తం రికార్డులోకి వెళ్తాయి, టైటిల్ లెక్కలోకి రావు. కాబట్టి ఈ మూడూ ఇప్పటికి సమానమే. సమానంగా ఉన్నవాటిని వెబ్‌సైట్ ఏ వరసలో చూపించిందన్నది ఆ సాఫ్ట్‌వేర్ ఇష్టం. కొన్ని అక్షరక్రమంలో పెడతాయి, కొన్ని హెడ్-టు-హెడ్ (ఆ జట్లు తమలో తాము ఆడిన ఆట ఫలితం) చూసి పెడతాయి. పట్టికలో పైనున్నంత మాత్రాన టైబ్రేకర్ గెలిచినట్టు కాదు.

రెండోదే అసలు చిక్కు. నెట్ రన్ రేట్ లాంటిది సాధారణంగా పెట్టరు. పెడితే 40 పాయింట్ల ఆధిక్యంలో ఉన్న జట్టు కూడా చివరి క్వార్టర్‌లో స్టార్టర్లను పక్కకు తీయకుండా కొడుతూనే ఉంటుంది. టైబ్రేకర్ మొదటి మెట్టు దాదాపు ఎక్కడైనా హెడ్-టు-హెడ్డే. మీ పట్టికకు అన్వయిస్తే:

ఒక్క సి ఓడితే: ఎ, బి 6-1. ఎ గెలిచింది కాబట్టి బెర్త్ ఎకి.
ఒక్క ఎ ఓడితే: బి, సి 6-1. బెర్త్ బికి.
ఒక్క బి ఓడితే: సి, ఎ 6-1. బెర్త్ సికి.
ఇద్దరు ఓడితే మిగిలినవాళ్లే ఏకైక చాంపియన్.

అంటే ప్రతి జట్టు అభిమానీ కోరుకోవాల్సింది ఒకటే: తాము గెలవాలి, తమను ఓడించిన జట్టు ఓడిపోవాలి. తాము ఓడించిన జట్టు గెలిచినా దిగులు లేదు.

ముగ్గురూ గెలిచి 6-1 అయితే ముడి పడుతుంది. తమలో తాము తలా ఒకటి గెలిచి ఒకటి ఓడారు కాబట్టి హెడ్-టు-హెడ్ తేల్చదు. రెండో మెట్టుగా చాలా చోట్ల 'పట్టికలో తర్వాతి జట్టుపై రికార్డు' చూస్తారు. ఇక్కడ అదీ పనికిరాదు. ముగ్గురి ఒక్కొక్క ఓటమీ ఈ ముగ్గురి మధ్యదే కదా, అంటే డి దగ్గర్నుంచి అడుగు జట్టు దాకా అందరినీ ముగ్గురూ ఓడించినట్టే. ఎంత కిందికి దిగినా తేడా దొరకదు. అక్కడ్నుంచి కాన్ఫరెన్స్ రూల్‌బుక్కే దిక్కు: కొన్నిచోట్ల ఎన్‌పీఐ అంకె చూస్తారు, కొన్నిచోట్ల ఇటీవల ప్లేఆఫ్స్‌కి వెళ్లొచ్చిన జట్టును తప్పిస్తారు, ఆఖరికి నాణెం ఎగరేసే నిబంధన కూడా ఉంటుంది. మీ కాన్ఫరెన్స్ ఏది వాడుతుందో వాళ్ల ఫుట్‌బాల్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, చివరి వారానికి ముందే చదివి పెట్టుకోండి.

ఎవరూ పట్టించుకోని నాలుగో దారి ఒకటుంది. ముగ్గురూ ఓడితే సిని ఓడించిన డి కూడా 5-2కి వస్తుంది. అప్పుడు నలుగురి మధ్య ఆటలతో చిన్న పట్టిక వేయాలి: ఎ 2-1, బి 2-1, సి 1-2, డి 1-2. పైన మిగిలిన ఇద్దరిలో ఎ బిని ఓడించింది, కాబట్టి ఎ. అయితే ఇద్దరు మిగిలాక మళ్లీ మొదటి మెట్టుకు వెళ్లాలా, తర్వాతి మెట్టు నుంచే కొనసాగాలా అన్నది రూల్‌బుక్‌లో విడిగా రాసి ఉంటుంది. వాదనలన్నీ ఆ ఒక్క వాక్యం దగ్గరే మొదలవుతాయి.

ఇంకోటి. టై అయిన అందరికీ 'కో-చాంపియన్' హోదా ఇస్తారు, ట్రోఫీ పంచుకుంటారు. ఆటోమేటిక్ బెర్త్ మాత్రం ఒకటే.

---

గజం_లెక్క:

మూడో ప్రశ్న నాది. రెండూ నిజమే. కాలేజీ గణాంకాల్లో క్వార్టర్‌బ్యాక్ (పాస్ వేసే ఆటగాడు) శాక్ అయితే, అంటే పాస్ వేసేలోపే అతన్ని పడగొడితే, ఆ పోయిన గజాలను రన్నింగ్ ఖాతాలోంచి తీసేస్తారు, ఆ శాక్‌ను ఒక క్యారీగా కూడా కలుపుతారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్‌లో అయితే పాసింగ్ ఖాతాలో కోస్తారు. ఎన్‌ఎఫ్ఎల్ చూసి వచ్చినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

బాక్స్ స్కోర్‌లో డిఫెన్స్ విభాగానికి వెళ్లి అవతలి జట్టు శాక్‌లు చూడండి. 5 శాక్‌లు, 41 గజాలు అని ఉందనుకోండి. 35లోంచి 5 తీస్తే 30 క్యారీలు, 62కి 41 కలిపితే 103 గజాలు. క్యారీకి 1.8 కనిపించేది కాస్తా 3.4 అవుతుంది. గొప్పేమీ కాదు గానీ కామెంటేటర్ అబద్ధం ఆడలేదు. స్నాప్ (ఆట మొదలుపెడుతూ వెనక్కి ఇచ్చే బంతి) క్వార్టర్‌బ్యాక్ తలమీదుగా పోయి పోగొట్టుకున్న గజాలు, చివర్లో మోకాలు ఆనించిన నీల్-డౌన్‌లు కూడా రన్నింగ్‌లోనే పడతాయి. అవి ప్లే-బై-ప్లేలో దొరుకుతాయి, 'టీమ్' అన్న పేరుతో ఉన్న వరస చూడండి.

ఆ 5 శాక్‌ల వెనక ఏముందో కూడా చూడాలి. ఈ స్థాయిలో సీజన్ ఏడో ఎనిమిదో వారానికి అఫెన్సివ్ లైన్ (క్వార్టర్‌బ్యాక్‌కు ముందు కాపుగా నిలబడే వరస) అరుగుతుంది. అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌లు లేవు. రోస్టర్‌లో వందమంది ఉన్నా లైన్‌లో ధైర్యంగా దింపగలిగేది ఏడెనిమిది మందినే. సెంటర్‌కి (లైన్ మధ్యలో ఉండి స్నాప్ ఇచ్చేవాడు) దెబ్బ తగిలితే పక్కనున్న గార్డును సెంటర్‌గా జరుపుతారు, గార్డు స్థానంలో కొత్తవాడు వస్తాడు. ఒక్క గాయానికి రెండు స్థానాలు కదులుతాయి. బ్లిట్జ్ (అదనపు డిఫెండర్లు ఒక్కసారిగా దూసుకురావడం) వచ్చినప్పుడు ఎవరు ఎవరిని పట్టుకోవాలో కేక వేసి చెప్పేది సెంటరే కాబట్టి శాక్‌లు ఒక్కసారిగా పెరుగుతాయి. గత రెండు వారాల పార్టిసిపేషన్ జాబితాలో స్టార్టర్ల పేర్లు పోల్చితే ఇది ముందే పసిగట్టొచ్చు.

---

లాంగ్_స్నాపర్:

28 గజాల గీత అంటే 28 గజాల కిక్ అనుకుంటారు చాలామంది. గోల్‌పోస్ట్ ఎండ్ జోన్ వెనక గీత మీద ఉంటుంది, దానికి 10. బంతిని స్నాప్ చేసేది 7 గజాలు వెనక్కి. మొత్తం 17 కలపాలి. 28 కి 17 కలిపితే 45 గజాల కిక్. డివిజన్ 3లో 45ని నమ్మకంగా కొట్టే కిక్కర్ ఉన్న జట్టు అదృష్టవంతులది. నవంబరులో విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో ఎదురుగాలి ఉంటే 38 కూడా ఆలోచించాల్సిందే. కొట్టి తప్పితే బంతి అవతలివాళ్లకు 28 దగ్గరే దక్కుతుంది. పాస్ వేసి తప్పినా అంతే. పోయేది సమానమైనప్పుడు టచ్‌డౌన్ ఆశ ఉన్న దారినే కోచ్ ఎంచుకుంటాడు.

కిక్కర్ కాలే సమస్య అనుకోవద్దు. స్నాప్ నుంచి బంతికి కాలు తగిలేదాకా 1.3 సెకన్ల దగ్గర ముగియాలి. 1.5 దాటితే అంచు నుంచి వచ్చేవాడి చేయి అందుతుంది. లాంగ్ స్నాపర్ (బంతిని వెనక్కి విసిరేవాడు), హోల్డర్ (దాన్ని అందుకుని నేలమీద నిలబెట్టేవాడు), కిక్కర్ ముగ్గురూ కలిసి వందలసార్లు చేస్తేనే అది కుదురుతుంది. చిన్న కాలేజీల్లో హోల్డర్ చాలాసార్లు బ్యాకప్ క్వార్టర్‌బ్యాకే. స్టార్టర్‌కి దెబ్బ తగిలి అతను అఫెన్స్‌లోకి వెళ్తే, అతనికి హోల్డ్ సాధన చేసే వ్యవధి ఉండదు, లేదా ఇంకొకడు కొత్తగా పట్టాలి. లేసులు కిక్కర్ వైపు తిరిగి ఉంటే బంతి పక్కకి పోతుంది. టచ్‌డౌన్ తర్వాతి అదనపు పాయింట్‌కి బంతిని 3 గజాల గీత మీద పెడతారు, అంటే 20 గజాల కిక్కే. అదీ తప్పుతుంటే కారణం దాదాపు ఎప్పుడూ స్నాప్, హోల్డ్‌లలోనే. బ్లాక్ అయిన బంతిని డిఫెన్స్ అవతలి ఎండ్ జోన్ దాకా పట్టుకుపోతే వాళ్లకే 2 పాయింట్లు.

ఓవర్‌టైమ్‌లోనూ ఇదే లెక్క. ఆట 25 గజాల గీత నుంచి మొదలవుతుంది. ఒక్క గజం కూడా రాకపోతే మిగిలేది 42 గజాల కిక్. రెండో ఓవర్‌టైమ్‌లో టచ్‌డౌన్ చేస్తే అదనపు పాయింట్ కిక్ బదులు రెండు పాయింట్ల ప్రయత్నం తప్పనిసరి. మూడో దాని నుంచి మామూలు డ్రైవ్‌లే (బంతి చేతికొచ్చాక వరసగా సాగే దాడి) ఉండవు, చెరొక రెండు పాయింట్ల ప్రయత్నం, అంతే. కిక్కర్ బలహీనమైతే మూడోదాకా లాగడమే మేలు.

ఇంకొక కారణం గడియారం. 2024 నుంచి డివిజన్ 3లో కూడా ఫస్ట్ డౌన్ రాగానే (కావాల్సిన 10 గజాలు పూర్తి కాగానే) గడియారం ఆపడం లేదు, ఒక్కో హాఫ్ చివరి 2 నిమిషాల్లో తప్ప. ఆటకు దొరికే డ్రైవ్‌లు తగ్గాయి, కాబట్టి 28 దాకా వచ్చి ఉత్త చేతులతో తిరగడం ఎవరికీ ఇష్టం ఉండదు.

---

శనివారం_ఆట:

అందరికీ థాంక్స్ అండీ. ఎన్‌పీఐ అన్నారు, అదేంటి? ఆటోమేటిక్ బెర్త్ రాని 9-1 జట్టు ఇంట్లో కూర్చోవాల్సిందేనా?

---

మూడో_డౌన్:

కూర్చోనక్కర్లేదు, పైగా ఇప్పుడు మునుపటికన్నా నయం. డివిజన్ 3 ప్లేఆఫ్స్ 2023 దాకా 32 జట్లతో జరిగేవి, 2024లో 40 చేశారు. మొదటి రౌండ్‌లో 16 జట్లు ఆడతాయి, మిగతా 24కి బై, అంటే నేరుగా రెండో రౌండే. కాన్ఫరెన్స్ చాంపియన్లకు ఇచ్చిన తర్వాత మిగిలినవి ఎట్-లార్జ్ బెర్త్‌లు. వాటికి వాడేదే ఎన్‌పీఐ, ఎన్‌సీఏఏ పవర్ ఇండెక్స్. గెలుపోటములు, ప్రత్యర్థి బలం కలిపి ప్రతి ఆటకూ ఒక అంకె ఇస్తారు, వాటి సగటే జట్టు అంకె. ప్రత్యర్థి బలం కూడా వాళ్ల ఎన్‌పీఐ నుంచే వస్తుంది కాబట్టి మీ జట్టు ఆడని శనివారం కూడా అంకె కదులుతుంది.

ఇక్కడ పప్పులో కాలేసేవి రెండు. డివిజన్ 3 జట్లతో ఆడినవే లెక్కలోకి వస్తాయి, ఎన్‌ఏఐఏ (ఎన్‌సీఏఏ కాని వేరే కాలేజీ క్రీడల సంస్థ) జట్టు మీద 50 పాయింట్లతో గెలిచినా ఎన్‌పీఐకి సున్నా. రెండోది, బలహీన జట్టు మీద గెలుపు సగటును కిందికి లాగితే, కనీస గెలుపుల సంఖ్య దాటాక ఆ ఆటను పక్కన పెడతారు. ఓటమికి ఆ సౌకర్యం ఆశించకండి.

కాబట్టి మీ ఎ 9-1తో బెర్త్ కోల్పోయినా, ఆ మూడు బయటి ఆటలు ఎవరితో ఆడిందన్నదే ప్రశ్న. బి ఓడిన రెండు బయటి ఆటలు దేశంలో పేరున్న జట్లతో అయితే 7-3 రికార్డు కూడా చూసినంత చెడ్డది కాదు.

---

పాత_స్కోర్‌షీట్:

షెడ్యూల్ ఆకారం గురించి ఒక మాట. రెగ్యులర్ సీజన్ 10 ఆటలు, వాటికి 11 వారాలు. ఎనిమిది జట్లుంటే 7 లోపల, 3 బయట. విస్కాన్సిన్ రాష్ట్ర కాలేజీల డబ్ల్యూఐఏసీ ఈ కోవలోదే. పది జట్లుంటే 9 లోపల, ఒక్కటే బయట. అలాంటి కాన్ఫరెన్స్‌లో రెండో స్థానం జట్టుకు ఎట్-లార్జ్ కోసం బలం చూపించే అవకాశం ఆ ఒక్క సెప్టెంబరు ఆటే.

న్యూ ఇంగ్లండ్ చిన్న కాలేజీల కాన్ఫరెన్స్ నెస్‌కాక్‌ది వేరే దారి. 2017 నుంచి పది జట్లూ ఒకదానితో ఒకటి 9 ఆటలు ఆడతాయి, బయటి ఆటలే లేవు. దశాబ్దాలపాటు ప్లేఆఫ్స్‌కి జట్టును పంపలేదు కూడా, అందుకే అప్పట్లో అక్కడ టైటిల్ పంచుకుంటే పంచుకున్నట్టే, టైబ్రేకర్ గొడవ ఉండేది కాదు.

మిన్నెసోటా కాలేజీల కాన్ఫరెన్స్ మయాక్‌లో సమస్య టై కాదు, జట్ల మధ్య అంతరం. 2017లో సెయింట్ థామస్ సెయింట్ ఓలాఫ్ మీద 97-0తో గెలిచింది. 2019లో సెయింట్ థామస్‌ను కాన్ఫరెన్స్ నుంచి పంపించాలని నిర్ణయించారు, 2021లో అది నేరుగా డివిజన్ 1కి వెళ్లింది. అదే ఏడాది మయాక్ పది జట్లను రెండు డివిజన్లుగా చీల్చి ఆఖర్లో టైటిల్ ఆట పెట్టింది. అలా పెడితే ముగ్గురి టై డివిజన్ లోపలికి మారుతుంది, పోదు. అయిదు జట్ల డివిజన్‌లో నాలుగేసి ఆటలే కదా, ముగ్గురూ 3-1తో ఆగడం ఇంకా తేలిక.

మీ చివరి శనివారం మూడు ఆటలూ ఒకే వేళకు, మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలైతే సి-డి ఆట లైవ్ స్టాట్స్ ఒక విండోలో తెరిచి ఉంచండి. సి వెనకబడితే ఎ పేరు పైకొస్తుంది. సి, ఎ రెండూ వెనకబడితే బి అఫెన్సివ్ లైన్‌లో సెంటర్ ఎవరో చూసుకోండి.