అన్యోక్తి, అల్లిగోరియా: కాశీలో ఒక గ్రీకు ఉపాధ్యాయుడు చదివిన పండితరాయలు

ఒకదాని గురించి చెబుతున్నట్టే చెప్పి మరొకదాన్ని సూచించే అన్యోక్తికి యూరపు అలంకారశాస్త్రంలో సరితూగే మాట ఏదన్న చర్చకు, సంస్కృత, గ్రీకు సంప్రదాయాలు రెంటినీ మూలభాషల్లో చదివిన ఒక పండితుని సంగతి చేర్చదలచుకొన్నాను. ఆయన పేరు దిమిత్రియోస్ గలానోస్. 1760లో ఏథెన్స్‌లో పుట్టి, మెసొలొంగిలోనూ పత్మోస్ ద్వీపంలోని ప్రసిద్ధ పాఠశాలలోనూ ప్రాచీన గ్రీకు చదువుకొని, 1786లో కలకత్తాలోని గ్రీకు వర్తకుల పిల్లలకు పాఠాలు చెప్పడానికి వచ్చారు. కొన్నేళ్లకు ఆ ఉద్యోగం విడిచి 1793లో కాశీ చేరి, 1833లో కన్నుమూసేదాకా అక్కడి పండితుల మధ్యనే ఉండి సంస్కృతం చదివారు. సంస్కృతం నుంచి గ్రీకులోకి ఆయన చేసిన అనువాదాలు ఆయన జీవించి ఉండగా వెలుగు చూడలేదు. రాతప్రతులు ఏథెన్స్ చేరిన తరువాత, 1845 నుంచి 1853 వరకు ఏడు సంపుటాలుగా అచ్చయ్యాయి.

తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసింది 1845 నాటి మొదటి సంపుటం. అందులో భర్తృహరి, చాణక్యుల సూక్తులతో పాటు సంస్కృత కవి, అలంకారికుడు జగన్నాథ పండితరాయల పద్యాలున్నాయి. తనను తైలంగ కులావతంసంగా చెప్పుకొన్న మన పండితరాయలు ఆధునిక కాలపు గ్రీకు పాఠకుల చేతికి అంత తొందరగా అందారన్నది నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం. గ్రీకులో జకార చకారాలు లేనందువల్ల పుస్తకంలో ఆయన ‘జగన్నాథ’ కాస్తా ‘జ’కు బదులు వాళ్ల జీటా అక్షరంతో మొదలవుతాడు, చాణక్యుడేమో ‘సనకేఅ’ అవుతాడు. ఆ పద్యాలకు పెట్టిన శీర్షిక ‘అల్లిగోరికా, పారాదిగ్మాటికా, ఓమియోమాటికా’. అంటే అన్యోక్తులు, దృష్టాంతాలు, ఉపమలు అని మనం చెప్పుకోవచ్చు.

ఈ మొదటి మాటకు మూలమైన ‘అల్లిగోరియా’ దగ్గరే కొంచెం ఆగాలి. ‘అల్లోస్’ అంటే అన్యం, ‘అగొరెవో’ అంటే సభలో పలకడం. అన్య, ఉక్తి అన్న మన విభజనకు ఇది అవయవాల వారీగా సరిపోతుంది. అయితే ఇంత పోలిక చూసి రెండూ ఒకే మూలం నుంచి దిగివచ్చాయని అనుకోకూడదు. ఉక్తికి మూలమైన ‘వచ్’ ధాతువుకు గ్రీకులో చుట్టం ‘ఎపోస్’, ‘అగొరెవో’ మాత్రం సభను చెప్పే ‘అగొరా’ నుంచి పుట్టింది. కాబట్టి చెప్పదలచినదాన్ని వేరొకదానిపై పెట్టి చెప్పడమనే పద్ధతిని చూసి, రెండు చోట్ల శాస్త్రకారులు విడివిడిగా ఒకే తీరున పేరు పెట్టుకొన్నారనడమే సమంజసం. గ్రీకులోనూ ఈ పేరు మొదటినుంచీ లేదు. పూర్వులు ‘హిపొనోయా’ (లోపలి అర్థం) అన్నదాన్నే తన కాలంలో ఇలా అంటున్నారని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

ఉదాహరణను చూస్తే ఈ రెండు పేర్ల మధ్య తేడా కనిపిస్తుంది. పండితరాయల పద్యసంపుటి భామినీవిలాసంలోని మొదటి పద్యం ‘దిగన్తే శ్రూయన్తే’ తీసుకొందాం. మదజలంతో చెక్కిళ్లు మాసిన ఏనుగులు ఎక్కడో దిక్కుల చివర ఉన్నాయని వినడమే, ఆడ ఏనుగులు జాలిపడదగినవి, లేళ్లా తనకు సాటిరావు, ఇక ఈ లోకంలో మృగరాజు తన గోళ్ల పాండిత్యాన్ని ఎవరిపై చూపాలి అని కవి అడుగుతాడు. ఆ సింహం పండితరాయలేనని వేరే చెప్పనక్కరలేదు. నాలుగు పాదాల్లో మొదలై నాలుగు పాదాల్లోనే ముగిసే ఇటువంటి ముక్తకంలో (విడి పద్యంలో), ‘నఖానాం పాండిత్యం’ అన్న ఒక్క ప్రయోగమే పండితుని వైపు వేలు చూపుతుంది. గ్రీకు అలంకారికులు అల్లిగోరియాను వరుసగా సాగే రూపకంగా వివరించారు; దాని కింద హోమరు కథలకు మరో అర్థం చెప్పే వ్యాఖ్యానాలూ వస్తాయి. గలానోస్ వంటి ప్రాచీన గ్రీకు ఉపాధ్యాయునికి ఈ వ్యాప్తి తెలియకపోదు. తెలిసీ ఆ మాటను వాడడం సరైనదేనని నా అభిప్రాయం, ఎందుకంటే కొత్త పదం కల్పించి ఉంటే పాఠకునికి పద్యం కంటే పదమే అడ్డమయ్యేది.

తెలుగు విమర్శలో మాత్రం మనం వేరుచేసి వాడుకోవడం మంచిది. ప్రబోధచంద్రోదయం అనే సంస్కృత నాటకం వంటి, పాత్రలే వివేకమూ మోహమూ అయిన దీర్ఘరచనకు అన్యాపదేశం అనవచ్చు. తుమ్మెదనో మేఘాన్నో సింహాన్నో పలకరించి ముగించే ముక్తకానికి అన్యోక్తి అన్న పేరునే నిలుపుకొందాం.